కుక్క ఆపరేషన్‌కు 42,000 అన్నారు: డబ్బు కూడగట్టిన తీరు, నా అనుభవం

శనివారం సాయంత్రం ఆరున్నరకు స్కానింగ్‌లో తేలింది. గర్భసంచి నిండా చీము, బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. మా కుక్క చిట్టి ఏడేళ్ల ఆడ స్పిట్జ్, 11 కిలోలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడూ చేయించలేదు. ఈ జబ్బును డాక్టర్లు పయోమెట్రా అంటారు. ఎద అయిన నెలా రెండు నెలల్లో నీళ్లు విపరీతంగా తాగడం, తిండి మానేయడం, పొట్ట ఉబ్బడం దీని గుర్తులు. ప్రైవేటు ఆసుపత్రి చెప్పిన అంచనా 42,000 రూపాయలు. చేతిలో ఉన్నది 12,000. చివరికి అయింది 30,000. మిగతా 18,000 మూడు చోట్ల నుంచి వచ్చింది.

అంచనాకూ చివరి బిల్లుకూ మధ్య ఉన్న 12,000 తేడాలో ఎక్కువ భాగం ఎవరి దయా కాదు, బిల్లు విప్పి చూడడం వల్ల వచ్చింది. అందుకే సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పే ముందు బిల్లు సంగతే ఎక్కువ రాస్తాను. అంకెలు ఆ ఊరివి, ఆ ఆసుపత్రివి. మీ దగ్గర వేరుగా ఉంటాయి, వరస మాత్రం ఇదే.

ఎన్ని గంటలు ఆగొచ్చు?

డాక్టరు గారిని మొట్టమొదట అడగాల్సింది ఇది. డబ్బు ఎక్కడ వెతకాలో ఈ జవాబును బట్టే తేలుతుంది. దారి మూసుకున్న పయోమెట్రాకు గంటల గడువే. గర్భసంచి పగిలితే చీము కడుపంతా పాకుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. మగపిల్లికి మూత్రం బిగిసినా అంతే, ఒకటి రెండు రోజులు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. పెద్ద జాతి కుక్క పొట్ట ఒక్కసారిగా ఉబ్బి, వాంతి రాక ఊరికే ఓకరిస్తుంటే కడుపు మెలిపడిందేమో అనుమానించాలి. అక్కడ గడువు ఇంకా తక్కువ. ఇలాంటి వాటికి ఆన్‌లైన్ విరాళాల పేజీ పెట్టి కూర్చుంటే డబ్బు వచ్చేసరికి జంతువు ఉండదు. ముందు అడ్వాన్సు కట్టి వైద్యం మొదలుపెట్టించి, మిగతాది డిశ్చార్జి నాటికి చూసుకోవాలి.

పార్వో, అంటే వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్, సోకిన కుక్కపిల్లది ఇంకో లెక్క. ఒక్కసారి పెద్ద మొత్తం ఉండదు. ఐదారు రోజుల పాటు రోజూ సెలైన్, ఇంజెక్షన్లు. మూడో రోజుకు చేతిలో డబ్బు అయిపోయి ఆపేసేవాళ్లే ఎక్కువ, అప్పటిదాకా పెట్టింది కూడా బూడిదలో పోసినట్టే. అందుకని మొదటిరోజే మొత్తం కోర్సుకు అంచనా అడగాలి. తొడ ఎముక విరిగితే, గాయం తెరుచుకోకపోతే, నొప్పి మందుతో కదలకుండా పడుకోబెట్టి రెండు మూడు రోజులు ఆగే వీలుంటుంది. వారం దాటితే మాత్రం ఎముక వంకరగా అతుక్కోవడం మొదలై సర్జరీ కష్టమవుతుంది. నెమ్మదిగా పెరిగే గడ్డలు, పళ్లు, చర్మ రోగాలు సాధారణంగా వారాలు ఆగుతాయి. విరాళాల పేజీకైనా, విశ్వవిద్యాలయ ఆసుపత్రి క్యూకైనా పనికొచ్చేవి ఈ చివరి రకాలే.

కాగితం మీద అంచనా

"సుమారు నలభై అవుతుందండీ" అనే నోటిమాటతో ఏ ట్రస్టూ కదలదు, బాబాయి కూడా కదలడు. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద తేదీ, యజమాని పేరు, జంతువు పేరు, జాతి, వయసు, బరువు, జబ్బు పేరు, చేయబోయే పని, విడివిడిగా ఖర్చులు, డాక్టరు సంతకం, ఆయన రాష్ట్ర పశువైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దాని కిందే ఆసుపత్రి బ్యాంకు ఖాతా, యూపీఐ క్యూఆర్, మీ కేస్ నంబరు రాయించుకోండి. అడగడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది ఉంటారు. మొహమాటానికి పోతే అంకె ఒక్క రూపాయి తగ్గదు.

మా కాగితం మీద ఇలా ఉంది: రక్త పరీక్షలు 2,800, స్కానింగ్ 1,500, మత్తు, ఆపరేషన్ కలిపి 22,000, ఇన్‌పేషెంట్ రెండు రాత్రులు 8,000, మందులు, సెలైన్లు 5,700, మళ్లీ చూపించుకోవడం, కుట్లు తీయడం 2,000.

పైనుంచి కిందికి ఒక్కో లైనూ అడిగాం. రక్త పరీక్షలు రెండు రోజుల ముందు బయటి ల్యాబులో చేయించినవే ఉన్నాయి. రెండు రోజుల్లో కిడ్నీ అంకె మారిపోవచ్చు కాబట్టి అన్నీ వదిలేయలేం అన్నారు డాక్టరు, అది నిజమే. క్రియాటినిన్, రక్తకణాల లెక్క మాత్రం మళ్లీ చేసి 1,200 వేశారు. స్కానింగ్ సాయంత్రమే బయట అయింది. చేతిలో రిపోర్టుతో పాటు బొమ్మలు ఉన్నాయి కాబట్టి ఆ 1,500 పోయింది. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు: రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చుకుని బొమ్మలు వదిలేస్తారు. రెండో డాక్టరు ఎవరో రాసిన రెండు వాక్యాలు నమ్మి కత్తి పట్టలేడు, మళ్లీ తీయిస్తాడు. ఎక్స్‌రే అయినా అంతే. ఫిల్మునో సీడీనో ఫోన్లో ఫైలునో తప్పకుండా తెచ్చుకోవాలి.

రెండు రాత్రులు అవసరమా అని అడిగితే, ఆపరేషన్ రాత్రి తప్పదు, రెండో రోజు పగలు వచ్చి సెలైన్ ఎక్కించుకుని సాయంత్రం ఇంటికి వెళ్లొచ్చు అన్నారు. 8,000 కాస్తా 5,500 అయింది. దీనికి షరతులున్నాయి. కాలికి పెట్టిన సెలైన్ సూదిని (క్యాన్యులాను) కొరక్కుండా మెడకు గరాటులాంటి పట్టీ కట్టి ఉంచాలి, రాత్రి వాంతి అయినా చిగుళ్లు తెల్లబడినా వెంటనే తీసుకెళ్లగలిగే దూరంలో ఉండాలి. ఇల్లు నలభై కిలోమీటర్ల అవతల ఉంటే ఈ ఆదా అడగొద్దు.

మందులు 5,700 నుంచి 3,900కు వచ్చాయి. కుక్కలకు వాడే సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్, పాంటోప్రజోల్, ఆండాన్సెట్రాన్, రింగర్ లాక్టేట్ సెలైన్ మనుషులవే. చీటీ మీద బ్రాండు పేరు కాకుండా మందు పేరు రాయమని డాక్టరును అడిగితే జన ఔషధి దుకాణంలోనో మామూలు మెడికల్ షాపులోనో జెనరిక్ కొనుక్కోవచ్చు. ఆసుపత్రి లోపలి మందులే వాడాలని కొందరు పట్టుబడతారు. ఆపరేషన్ థియేటర్లో వాడేవాటికి అది సబబే, ఇంటికి ఇచ్చే బిళ్లలకు కాదు.

అయితే ఇదే సందులో ప్రమాదం కూడా ఉంది. మనుషుల మందులు దొరుకుతున్నాయి కదా అని డోసు మనమే వేసుకుంటే బిల్లు రెట్టింపవుతుంది. మెలాక్సికామ్ చూడండి. కుక్కకు మొదటి రోజు తర్వాత కిలోకు 0.1 మిల్లీగ్రాము లెక్క. 11 కిలోలకు రోజుకు 1.1 మిల్లీగ్రాములు. మనుషుల బిళ్ల 7.5. అంటే ఒక్క బిళ్లతో వారం డోసు ఒకేసారి పోతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పిల్లికి పారాసెటమాల్ విషమే. నూటయాభై రూపాయల కన్సల్టేషన్ తప్పించుకుందామని ఇంట్లో బిళ్ల వేసి, కిడ్నీ దెబ్బతిన్నాక వేలు పోసే కేసులు పశువైద్యుల దగ్గర రోజూ కనిపిస్తాయి.

కుట్లు తీయడం ప్రభుత్వ పశువైద్యశాలలో చేయించుకుంటాం అంటే ఆ 2,000లో ఒకసారి చూపించుకోవడానికి 500 ఉంచారు. మొత్తం 33,100. అప్పుడు డాక్టరు గారే తన ఫీజులో 3,100 తగ్గించి 30,000 అని గుండ్రంగా రాశారు. తగ్గింపు చివర్లో అడగాలి. లైన్లన్నీ తేలకముందే "ఏమన్నా తగ్గించండి సార్" అంటే మొదటి అంకె మీద ఐదు శాతం తగ్గించి ఊరుకుంటారు, లోపలున్న అనవసరపు లైన్లు అలాగే ఉంటాయి.

ఇంకొకటి గమనించండి. పశువైద్యశాల చేసే వైద్య సేవ మీద జీఎస్టీ లేదు. ప్యాకెట్లలో అమ్మే కుక్కల తిండి, పట్టీలు, షాంపూలు లాంటి సరుకు మీద ఉంటుంది. ఆపరేషన్ ఫీజు లైనులో పన్ను కనబడితే ఎందుకని మర్యాదగా అడగొచ్చు.

తగ్గించమని అడగకూడని లైను ఒకటుంది, అది 22,000ది. అందులో మత్తు ఇచ్చే మనిషి, గ్యాసు, ఆపరేషన్ సేపంతా గుండె, ఆక్సిజన్ చూసే యంత్రం ఉంటాయి. జబ్బుతో నీరసించిన ఏడేళ్ల కుక్కకు అక్కడ పొదుపు చేయడం అంటే పుట్టి మునిగేదాకా తెచ్చుకోవడమే. గర్భసంచి తీయకుండా ఇంజెక్షన్లతో చీము బయటికి పంపే వైద్యం కూడా ఉంది, చవకగా కనబడుతుంది. దారి తెరుచుకున్న కేసుల్లో, పిల్లలు కావాలనుకునే యజమానులకు కొన్నిసార్లు వాడతారు. తర్వాతి ఎదకు మళ్లీ రావడం మామూలే. మూసుకున్నదాంట్లో అది జూదం.

ప్రభుత్వ ఆసుపత్రి

ఇదే జబ్బు సోమవారం ఉదయం బయటపడి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఆసుపత్రి, ఆంధ్రలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కళాశాలల ఆసుపత్రులు, తెలంగాణలో కోరుట్ల, వరంగల్ మామునూరు కళాశాలలు. వీటిలో ఫీజు నామమాత్రం, ఖర్చంతా మనం బయట కొనే సామానుకే. అక్కడ పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చూస్తారు. విద్యార్థులని భయపడేవాళ్లుంటారు. నా లెక్కలో మాత్రం వారానికి మూడు గర్భసంచులు తీసే చోటు, నెలకు ఒకటి తీసే మెరిసే అద్దాల క్లినిక్ కంటే మేలు.

అయితే అవి ఉదయం ఓపీ మీద నడిచే చోట్లు. రాత్రి, ఆదివారం, పండుగ రోజు వెళ్లేముందు ఫోన్ చేసి తెలుసుకోవాలి. వెళ్లేరోజు పొద్దున ఓపీ తెరిచేసరికి చీటీ తీసుకోవాలి, పదకొండు తర్వాత వెళ్తే ఆపరేషన్ మర్నాటికి పోతుంది. క్యూ విషయంలో ఒక కిటుకు ఉంది: గర్భసంచి కేసులు కళాశాల ఆసుపత్రుల్లో సర్జరీ విభాగానికి కాదు, గైనకాలజీ విభాగానికి వెళ్తాయి. విరిగిన కాలు, గడ్డలు సర్జరీకి. వాంతులు, జ్వరం, పార్వో మెడిసిన్‌కు. తప్పు గది ముందు కూర్చుంటే సగం పూట పోతుంది. చీటీ ఇచ్చే కౌంటరులోనే జబ్బు పేరు చెప్పి ఏ గది అని అడగండి.

సామాను జాబితా రాసిస్తారు: క్యాన్యులా, సెలైన్ సెట్టు, సెలైన్ సీసాలు, కుట్ల దారం, చేతి తొడుగులు, మత్తు మందు. దగ్గర్లోని మెడికల్ షాపు ఎక్కడో ముందే చూసుకుని ఉండాలి. ఒకరు కుక్కను పట్టుకుని ఉంటే ఒకరు తిరగాలి కాబట్టి ఇద్దరు తప్పనిసరి. మూతికి కట్టే పట్టీ, రెండు పాత దుప్పట్లు, టీకాల కార్డు, పాత రిపోర్టులు తీసుకెళ్లండి. ఆపరేషన్ అనుకుంటే ముందురోజు రాత్రి నుంచి తిండి ఆపాలా అని ఫోన్లోనే అడగండి. తినిపించి తీసుకెళ్తే మత్తు ఇవ్వరు. ఆపరేషన్ తర్వాత రాత్రి అక్కడ ఉంచుకునే వీలు చాలాచోట్ల ఉండదు, సాయంత్రానికి ఇంటికి తెచ్చుకోవాలి. ఆటోకో కారుకో ముందే మాట్లాడుకోవాలి. మత్తు పూర్తిగా దిగని కుక్కను చూసి ఆటో వాళ్లు ఎక్కించుకోరు.

1962కు ఫోన్ చేయమని నలుగురూ చెప్తారు. అది ప్రధానంగా ఊళ్లలో పాడి పశువుల కోసం తిరిగే సంచార పశువైద్య వాహనాల నంబరు. పల్లెలో ఉంటే అడిగి చూడటంలో తప్పులేదు, ప్రథమ చికిత్స అందొచ్చు. కడుపు కోసే ఆపరేషన్ ఆ బండిలో జరగదు.

ట్రస్టులను అడిగే పద్ధతి

హైదరాబాద్ బ్లూ క్రాస్, విశాఖ ఎస్పీసీఏ లాంటివి ప్రధానంగా దిక్కులేని జంతువుల కోసం పనిచేస్తాయి. ఇంటి కుక్కకు పూర్తి బిల్లు కట్టమంటే కుదరదనే చెప్తారు, చెప్పడం న్యాయం కూడా. దాంతో కొందరు "వీధిలో దొరికింది" అని అబద్ధం ఆడతారు. టీకాల కార్డులో పేరుంటుంది, మెడలో పట్టీ ఉంటుంది, మన గొంతు విని కుక్క తోక ఊపుతుంది. ఒకసారి దొరికిపోతే ఆ ఊళ్లో ఇంకే ట్రస్టూ ఫోన్ ఎత్తదు. వదిలేసి వెళ్లిపోవడం గురించి ఆలోచిస్తే, జంతు హింస నివారణ చట్టం, 1960 కింద అది నేరం.

కుదిరేది ఏమిటంటే కొంత భాగం. చిన్న ట్రస్టులు, జంతు ప్రేమికుల గుంపులు ఐదు వేలో మూడు వేలో నేరుగా ఆసుపత్రికి కడతాయి. వాళ్లకు పంపాల్సింది ఒకే మెసేజ్‌లో: అంచనా కాగితం ఫోటో, రిపోర్టు, జంతువు ఇప్పటి ఫోటో, మీరు ఇప్పటికే కట్టిన అడ్వాన్సు రసీదు, మీ దగ్గర ఇంకా ఎంత తక్కువో. ఆ రసీదు చాలా ముఖ్యం. సొంత డబ్బు పెట్టినవాడికే పెడతారు. మాకు ఒక ట్రస్టు ఇచ్చిన 5,000 ఆ రసీదు చూశాకే వచ్చింది. అదీ ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుని, ఆపరేషన్ అయ్యాక బిల్లు మీద కట్టారు.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. కంగారులో ఒకే మెసేజ్ తొమ్మిది చోట్లకు వెళ్లింది. ఇద్దరు ఒకేసారి ఆసుపత్రికి ఫోన్ చేశారు. "ఇప్పుడే ఇంకెవరో కడతామన్నారండీ" అని రిసెప్షన్ అమ్మాయి ఇద్దరికీ చెప్పింది, ఇద్దరూ వెనక్కి తగ్గారు. ఎవరెవరిని అడిగారో, ఎవరు ఎంత ఒప్పుకున్నారో ప్రతి మెసేజ్‌లోనూ రాయాలి. ఒకరు ఖాయం చేయగానే మిగతావాళ్లకు "ఇంత తగ్గింది, ఇంకా ఇంత కావాలి" అని పంపాలి.

తెలిసినవాళ్ల దగ్గర

విరాళాల వెబ్‌సైట్లు, మిలాప్, కెట్టో లాంటివి, జంతువుల వైద్యానికీ పేజీ తెరవనిస్తాయి. పత్రాలు సరిచూడటానికి, డబ్బు చేతికి రావడానికి సమయం పడుతుంది. పేమెంట్ గేట్‌వే ఖర్చు కూడా కోస్తారు కాబట్టి నిబంధనలు చదువుకోవాలి. రెండు లక్షల క్యాన్సర్ వైద్యానికైతే సరే. ఐదారు గంటల్లో పద్దెనిమిది వేలకు వాట్సాప్ గుంపులే గతి. అపార్ట్‌మెంట్ గుంపు, ఆఫీసు గుంపు, పదో తరగతి గుంపు, పార్కులో కుక్కల్ని తిప్పేవాళ్ల గుంపు. నిజంగా డబ్బు వచ్చింది ఈ చివరిదాంట్లోనే, గుంపులన్నిటి నుంచి వచ్చిన 8,000లో ఐదున్నర వేలు. కుక్క ఉన్నవాడికి కుక్క బాధ చెప్పనక్కర్లేదు.

మెసేజ్ పొడుగ్గా రాస్తే ఎవరూ చదవరు. పనిచేసింది ఇది: "చిట్టి, 7 ఏళ్ల స్పిట్జ్. గర్భసంచిలో చీము, ఈ రాత్రికే ఆపరేషన్. మొత్తం 30,000. మేం 12,000 కట్టాం. కింద ఉన్న క్యూఆర్ ఆసుపత్రిది, నా సొంతది కాదు. నోట్‌లో కేస్ నంబరు రాయండి. సోమవారం రాత్రి ఫైనల్ బిల్లు ఇక్కడే పెడతాను. ఎక్కువ వస్తే ఎవరిది వారికి తిరిగి ఇప్పిస్తాను."

మొదట పెట్టిన మెసేజ్‌లో సొంత ఫోన్ నంబరు క్యూఆర్ ఉంది. గంటలో రెండు వందలు వచ్చాయి. ఆసుపత్రి క్యూఆర్ పెట్టాక కదిలింది. దీనివల్ల పన్ను బెడద కూడా తప్పుతుంది. బంధువులు కానివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన డబ్బు మొత్తం 50,000 దాటితే, దాటిన భాగం మాత్రమే కాదు, మొత్తమూ ఆదాయం కింద లెక్కకొస్తుంది. చిన్న మొత్తాలకు ఈ గొడవ రాదు కానీ, లక్షల్లో విరాళాలు సొంత ఖాతాలోకి తెప్పించుకునేవాళ్లు ఆడిటరును అడిగి చేయడం మంచిది. దాతలు పన్ను రాయితీ అడిగితే వ్యక్తికి ఇచ్చినదానికి అది ఉండదు. 80జీ గుర్తింపు ఉన్న ట్రస్టుకు, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు ఇస్తేనే వర్తిస్తుంది, నగదు రూపంలో 2,000 మించితే అదీ పోతుంది. అమెరికాలో ఉన్న అక్క, బావ ఇస్తామంటే నేరుగా మీకే పంపమనండి. విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్ల డబ్బును ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు తీసుకోకూడదు. ట్రస్టు ఖాతాకు పంపి వాళ్లను ఇబ్బందుల్లో పెట్టొద్దు.

కేస్ నంబరు రాయకుండా ముగ్గురు పంపారు. ఆసుపత్రి లెక్కలో ఆ డబ్బు ఎవరి ఖాతాకూ చేరలేదు. వాళ్లను మళ్లీ పట్టుకుని, యూపీఐ లావాదేవీలో కనిపించే 12 అంకెల రిఫరెన్స్ నంబరు తెప్పించి కౌంటరులో చూపిస్తే అప్పుడు జమ చేశారు. డిశ్చార్జి రోజు పదిహేను నిమిషాల పనికి రెండు గంటలు పట్టింది.

గుంపుల్లో మెసేజ్ తిరిగితే మోసగాళ్లకూ చేరుతుంది. "మా సంస్థ 20,000 ఇస్తుంది, ముందు 499 ప్రాసెసింగ్ ఫీజు" అన్నా, "డబ్బు రావాలంటే ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నా కట్ చేసేయండి. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

అప్పు చేయాల్సి వస్తే

చివరి 5,000 ఆసుపత్రి దగ్గరే రెండు వాయిదాలకు ఒప్పుకున్నారు. అడిగిన పద్ధతి వల్ల ఒప్పుకున్నారని నా నమ్మకం. డిశ్చార్జి కౌంటరు దగ్గర "లేవు సార్" అనకుండా, ఆపరేషన్‌కు ముందే "25,000 సోమవారానికి కడతాం, 2,500 పదిరోజుల్లో, ఇంకో 2,500 వచ్చే నెల ఐదున" అని తేదీలతో కాగితం మీద రాసి సంతకం పెట్టి, ఆధార్ నకలుతో ఇచ్చాం. అన్ని ఆసుపత్రులూ ఒప్పుకోవు. బాకీ ఎగ్గొట్టి పోయినవాళ్లు ప్రతి డాక్టరుకూ గుర్తే.

అక్కడ కుదరకపోతే చవకైన వరసలో చూసుకోండి. ఆఫీసులో జీతం అడ్వాన్సుకు వడ్డీ ఉండదు. ఇంట్లో ఆడవాళ్లు డ్వాక్రా సంఘంలో ఉంటే పొదుపు నుంచి అంతర్గత అప్పు చాలా సంఘాల్లో రూపాయి వడ్డీకి, అంటే ఏడాదికి 12 శాతానికి, దొరుకుతుంది. కుక్క కోసమని చెప్పాలా అంటే చెప్పండి, ఊళ్లో ఎలాగూ తెలుస్తుంది. బ్యాంకు బంగారం రుణం అదే రోజు అవుతుంది, కానీ శనివారం సాయంత్రం కాదు. క్రెడిట్ కార్డు ఈఎంఐ "నో కాస్ట్" అన్నా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ చూసుకోవాలి. వీధి వ్యాపారి దగ్గర మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ఫోన్లో ఐదు నిమిషాల్లో ఇచ్చే అప్పు యాప్‌ల జోలికి అసలు వెళ్లొద్దు. వెళ్లక తప్పకపోతే ఒప్పందంలో ఏ బ్యాంకు పేరో, ఏ ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) పేరో ఉందా చూడండి, కాంటాక్టులు, ఫోటోల అనుమతి అడిగితే తీసేయండి.

బీమా ఈ వరసలో ఎందుకు లేదంటే జబ్బు వచ్చాక కొనేది కాదు కాబట్టి. న్యూ ఇండియా, బజాజ్ లాంటి సంస్థలు కుక్కలకు పాలసీలు అమ్ముతున్నాయి. కొత్తగా చేరడానికి వయసు పరిమితి, మొదటి రోజుల్లో క్లెయిము చెల్లని గడువు, ముందే ఉన్న జబ్బులకు మినహాయింపు ఉంటాయి. టీకా వేయించకపోతే ఆ టీకా ఆపగలిగే జబ్బుకు డబ్బు ఇవ్వరు. కొనేవాళ్లు ప్రీమియం కంటే ముందు మినహాయింపుల పేజీ చదవాలి, ముఖ్యంగా ఆడకుక్కకైతే గర్భసంచి జబ్బులు, కాన్పు ఖర్చులు ఉన్నాయో లేదో. రేబిస్ టీకాకైతే డబ్బే అక్కర్లేదు. ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం (జూనోసిస్ దినం) నాడు, రెండు రాష్ట్రాల్లోనూ పశుసంవర్ధక శాఖ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు.

సోమవారం సాయంత్రం ఫైనల్ బిల్లు 30,000 దాటలేదు. దాన్ని గుంపులో పెట్టాం, ఇచ్చినవాళ్ల పేర్లు కాకుండా మొత్తాలు మాత్రం రాశాం. ట్రస్టుకు బిల్లుతో పాటు డిశ్చార్జి కాగితం, పదో రోజు ఫోటో పంపాం, వాళ్ల లెక్కలకు అవి కావాలి. పన్నెండో రోజు ప్రభుత్వ పశువైద్యశాలలో కుట్లు తీశారు. చివరి 2,500 కట్టినప్పుడు రసీదు మీద "బాకీ లేదు" అని రాయించి, మనం ఇచ్చిన హామీ కాగితం వెనక్కి తీసుకోవాలి. ఆ మాట అడక్కపోతే కాగితం వాళ్ల ఫైల్లోనే ఉండిపోతుంది.